ఐదు వేళ్ళ ఆకు

"ఈ వానలకు పెరటి గోడ కూలి ఎవరి మీదో పడుతుంది, చూస్తూ ఉండండి" అన్నాను. అప్పటికి ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

మా ఆయన పరుపు మూల కుడుతున్నారు. దబ్బనం పళ్ళ మధ్య నుంచి తీసి, "పోయినేడూ కూలింది కదా" అన్నారు.

కూల్లేదుగా అన్నాను.

"నీ నోట్లో కూలింది. నేను వెళ్ళి ఇటుకలు కూడా బేరం చేసొచ్చాను."

మా అత్తయ్య నవ్వింది. ఆమె పక్కన కూర్చున్న మా అమ్మాయి కూడా తల వంచుకుని నవ్వింది. దాని నవ్వుకు చప్పుడుండదు.

మాది పరుపుల ఇల్లు. వీధి వైపు గది దుకాణం, దాని వెనక దూది గది, దాని వెనక మేము, మా వెనక నూతితో నాలుగు మంచాలు పట్టేంత పెరడు. మా మామగారి నాన్న నాటి నుంచీ ఇదే పని. బూరుగు దూది బస్తాలు ఎక్కడి నుంచో లారీలో వస్తాయి, మేం దిండ్లు చేసి పంపిస్తాం. గలీబులు కుట్టడం నా వంతు, కూరడం మా ఆయన వంతు. దూదిలోంచి గింజలు ఏరడం మా అత్తయ్యది. బడి లేని పూట అమ్మాయి ఆమెకు తోడు కూర్చుంటుంది. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, తలకు గుడ్డ చుట్టుకుని చేయాలి ఆ పని. లేకపోతే దూది లేచి కూర గిన్నె దాకా వస్తుంది. మిరియమంత నల్ల గింజ. ఒక్కటి మిగిలిందా, దిండు వాపసు వచ్చిందన్నమాటే. మా అమ్మాయి వేళ్ళకు కళ్ళున్నాయంటుంది మా అత్తయ్య. ఎవరూ మాట్లాడించరు కాబట్టి ఆ గదంటే దానికి ఇష్టం కూడా.

దానికి నత్తి. మాట మొదట్లో తట్టుకుంటుంది. తట్టుకుంటే ఎదుటివాళ్ళు చూస్తారు. చూస్తే ఇంకా తట్టుకుంటుంది. అందుకని అది నోరు తెరవడం తగ్గించింది, నేను పెంచాను. దుకాణానికొచ్చినవాళ్ళు ఏ క్లాసమ్మా అంటే నేను చెబుతాను. పేరేంటమ్మా అన్నా నేనే. దానికి గువ్వ అని ముద్దుపేరు పెట్టింది మా అత్తయ్య. "నువ్వు ఊరుకుంటే గువ్వ కూడా కూస్తుందే" అంటుంది నన్ను. పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుంటే చూస్తూ కూర్చోవడానికి నాది రాతిగుండె కాదు మరి.

ఆ ఏడు బడి తెరిచిన కొత్తలోనే క్లాసు టీచరు కబురుపెట్టింది. కబురంటే నాకు మంచి కబురు గుర్తుకురాదు. చీర కుచ్చిళ్ళు సరిగా రాకపోయినా పరిగెత్తాను. టీచరు చిన్న వయసుది, మొహం మంచిది. అమ్మాయిని పక్కన నిలబెట్టి, నీకు ఏ పాఠమంటే ఇష్టమని అడిగింది.

సైన్సండీ అన్నాను.

ఎందుకిష్టం అంది, దాని వైపే చూస్తూ. చిన్నప్పటి నుంచీ చీమల బారు పక్కన కూర్చుని లేవదండీ అన్నాను. టీచరు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

"మీ అమ్మాయిని అడిగానండీ."

"అదేనండీ, అది చెప్పేదే చెబుతున్నాను."

అప్పుడామె నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. రాతలో మా అమ్మాయికి ఢోకా లేదు. కానీ వానలు వెళ్ళాక హెడ్మిస్ట్రెస్ గారి ముందు నోటి పరీక్ష ఉంటుంది. అందులో తన జవాబు తాను చెప్పుకోకపోతే వచ్చే ఏడు సైన్సు సెక్షనులో కూర్చోబెట్టరు. ఎంతసేపు పట్టినా ఫరవాలేదు, ఎవరూ తొందరపెట్టరు, కానీ జవాబు మాత్రం పిల్ల నోటి నుంచే రావాలి. ఇదంతా ఆమె నాకు చెబుతూ దాన్ని చూసి నవ్వింది. నేను నవ్వలేదు. తిరిగొచ్చే దారిలో దాని బతుకంతా నా కళ్ళముందే పాడైపోయింది. వీధి మలుపుకు వచ్చేసరికి సైన్సు పోయింది, కిరాణా కొట్టు దాటేసరికి ఉద్యోగం పోయింది, ఇంటి గడప ఎక్కేసరికి ముసలితనం వచ్చేసి మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేకుండా పోయింది. అది మాత్రం నా పక్కన దారంటా చెప్పుతో రాయి తన్నుకుంటూ నడిచింది.

తొలి వాన కురిసి వెలిసిన పొద్దున గోడ నిలబడి ఉందో లేదో చూడటానికి పెరట్లోకి వెళ్ళాను. గోడ నిలబడే ఉంది. దాని మొదట్లో, దుకాణం ఊడ్చిన చెత్త పోసే మూల, ఏదో మొక్క లేచింది. బెత్తెడుంది. నిగనిగలాడే కాడ, దాని చివర చెయ్యి చాచినట్టు ఆకులు. నేను పెట్టలేదు. ఎవరూ పెట్టలేదు. పెట్టని మొక్క ఎందుకొస్తుంది?

అందరినీ కేకేశాను. మా అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని ఆముదం అంది. మా ఆయన కర్రపెండలం అన్నారు, వేరు లావెక్కితే ఉడకబెట్టుకోవచ్చన్నారు. ఆముదమైతే ఆకు చీలుతుంది గానీ విడిపోదనీ, ఇది అయిదుగా విడిపోయిందనీ తల్లీకొడుకులు కాసేపు వాదించుకున్నారు. అమ్మాయి గొంతుక్కూర్చుని ఒక్కో ఆకును వేలితో పైకెత్తి కింద వైపు చూసింది. నాకు మాత్రం ఒక్కటే అనుమానం, విషమేమోనని.

విషమైనా బాగుండేదని సాయంత్రానికి తెలిసింది.

పక్కింట్లో కాంపౌండరు గారుంటారు. రిటైరైనా వీధివాళ్ళందరికీ నాలుక చూడటం మానలేదు. ఆయన గోడ మీంచి మొక్కను చూసి, నన్ను దగ్గరికి రమ్మని గొంతు తగ్గించారు.

"చెల్లెమ్మా, ఆకుకు అయిదు వేళ్ళున్నాయి చూశావా? ఇలాంటి బొమ్మే మా ఆస్పత్రి గోడ మీద ఉండేది, మత్తుమందుల పోస్టరులో. అదే ఇది అని నేననను. అలా ఉందంటున్నాను."

"ఏ ఆకండీ అది?"

"గంజాయి."

ఆ తర్వాత ఆయన ఇంకేమన్నారో నేను వినలేదు. నాకు జీపు వినబడుతోంది. పేపర్లో మా ఆయన ఫోటో, దాని కింద దిండ్లలో దాచిన సరుకని పెద్దక్షరాలు కనబడుతున్నాయి. గబగబా వెళ్ళి కాడ మొదలు పట్టుకున్నాను.

చెయ్యి ఒకటి వచ్చి నా చేతి మీద పడింది.

"వ... వ... వద్దు."

ఎందుకొద్దే అని అడిగాను. అడిగి, జవాబు కూడా నేనే ఇచ్చేశాను: మొక్క మీద జాలి పడితే మన మీద ఎవరు జాలి పడతారు అని. అది తల అడ్డంగా ఊపింది. గడ్డం ఒకసారి ఎగిరిపడింది. మాట తట్టుకున్నప్పుడు అలాగే ఎగురుతుంది.

"పే... పేరు తెలీకుండా పీ... పీకేస్తావా?"

వెనక గుమ్మంలో నిలబడి మా ఆయన వింటున్నారు. "అడిగిందిగా, చెప్పు మరి" అన్నారు నాతో. కాడ వదిలేశాను. అమ్మాయి వద్దనడం మా ఇంట్లో అదే మొదలు. పెట్టింది తింటుంది, కొన్నది తొడుక్కుంటుంది, అలాంటి పిల్ల. పేరు తెలిసేదాకా ఆ మొక్క జోలికి ఎవరూ వెళ్ళకూడదని మా ఆయన తీర్పు చెప్పేశారు. తెలిశాక అదే అయితే తానే పీకి పొయ్యిలో పెడతానన్నారు. పొయ్యిలో పెడితే పొగకు వీధంతా ఊగుతుందని మా అత్తయ్య అంది. వీళ్ళకు నవ్వులాట.

నా జాగ్రత్త నేను పడ్డాను. గోడకూ నూతి గట్టుకూ తాడు కట్టి, మొక్క కనబడకుండా పరుపు గలీబులు ఆరేశాను. వానొచ్చినా తీయలేదు. తడిసినవాటి మీద ఇంకో రెండు వేశాను. వానలో బట్టలారేసే ఇల్లు మాదొక్కటే అయింది. "ఏమే, ఉతికినవి ఆరేస్తున్నావా, ఆరేసినవి ఉతుకుతున్నావా?" అని అత్తయ్య అడిగింది. ఆ గలీబుల చాటున మొక్క హాయిగా పెరిగింది.

అమ్మాయి ఒక ఆకు తుంచి, పళ్ళెంలో పెట్టుకుని వీధిలోకి బయలుదేరింది. నేను వెనకే బయలుదేరాను. అది పళ్ళెం చాపుతుంది, మా అమ్మాయి ఇదేం ఆకని అడుగుతోందండీ అని నేను అంటాను. గంజాయి మాట ఎవరి నోటా రాకూడదని వాళ్ళు చెప్పేలోపే, కర్రపెండలమేమో కదండీ అని నేనే అందిస్తాను. పాలావిడ తన మేకకు పెట్టి చూద్దామంది. తింటే మంచిది, చస్తే చెడ్డది, తేలిపోతుందంది. మేకకు ఏమన్నా అయితే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుందని ఆకు లాక్కొచ్చేశాను. ఇలా నాలుగిళ్ళు తిరిగేసరికి అమ్మాయి మొహం ముడుచుకుంది. అడగడానికి వెళ్ళింది అది, అడిగింది నేను. జవాబు కూడా చాలావరకు నాదే.

అంతలో హాస్టలు దిండ్ల ఆర్డరొచ్చింది. కుప్పలు తెప్పలుగా గలీబులు. మిషను మీంచి తల ఎత్తడానికి లేదు. ఒకరోజు దారం మార్చుకుంటూ చూస్తే పళ్ళెం లేదు, అమ్మాయి లేదు. లేచి గుమ్మం దాటబోయాను. మా అత్తయ్య నా కొంగు పట్టుకుంది.

"కూర్చో."

"వీధిలో ఎవరన్నా ఏమన్నా అంటే?"

"అంటే అంటారు. నన్నెవరూ ఏమీ అనకుండానే ఇంత ముసలిదాన్నయ్యానా?"

కూర్చోలేదు, వెళ్ళనూ లేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. కిరాణా కొట్టు మా గుమ్మంలోకి కనబడుతుంది. అమ్మాయి పళ్ళెం తక్కెడ పక్కన పెట్టింది. దాని గడ్డం ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. కొట్టాయన పొట్లం కట్టేవాడల్లా చేతిలో దారంతో ఆగిపోయాడు. నా గొంతులో అదే మాట కొట్టుకుంటోంది: ఇదేం ఆకండీ, ఇదేం ఆకండీ. ఇక్కడి నుంచి అరిచినా వినబడుతుంది. కొంగు మా అత్తయ్య చేతిలోనే ఉంది. కాసేపటికి అమ్మాయి చెయ్యి కదిలింది, కొట్టాయన తల వంచి ఆకు చూశాడు, బుర్ర గోక్కున్నాడు, ఏదో చెప్పాడు, ఇంకేదో చెప్పాడు. ఒక్క ముక్క వినబడలేదు. నేను లేకుండా నా కూతురు ఒకరితో మాట్లాడుతోంది.

తిరిగొచ్చి పళ్ళెం కింద పెట్టింది. ఏమన్నాడే అన్నాం ముగ్గురమూ ఒకేసారి.

"తె... తెలీదట. తెలీదని చెప్పడానికి ఎం... ఎంతసేపు పట్టిందో. నా... నాకంటే నత్తి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మా ఆయన దిండు మీద వాలిపోయి నవ్వారు. మా అత్తయ్యకు పొలమారింది. నత్తి అన్న మాట మేం ఇంట్లో ఎన్నడూ పైకి అనం. అది దాన్ని తీసి అందరి మధ్యా పెట్టి నవ్వుతోంది, ఈసారి చప్పుడుతో. నేను కళ్ళొత్తుకుని, దూది పడిందన్నాను.

ఆ రోజు నుంచి దాని వెనక వెళ్ళడం మానేశాను. మానేశానంటే, గుమ్మం దాకానే వెళ్ళేదాన్ని.

మొక్క నా మోకాలు దాటింది. కాండం మీద చిన్నచిన్న ముళ్ళు మొటిమల్లా లేచాయి. ముళ్ళు కూడానా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మాయి ఖాళీ డబ్బాలు పోగుచేయడం మొదలుపెట్టింది. పాలపొడి డబ్బాలు, రంగు డబ్బాలు. మేకుతో అడుగున బొక్కలు పొడిచి, మట్టి నింపి, గోడ వారనే వరసగా పేర్చింది. ఏం వేశావే అంటే "చూ... చూద్దాం" అంది. బంతో చేమంతో వేసుకుని ఉంటుంది, పిల్ల మనసు ఆ దరిద్రపు మొక్క మీంచి మళ్ళిందని నేను సంతోషించాను కూడా. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ దించకుండా పెరట్లోకే పోయేది. డబ్బాలో మట్టి పగిలిందని ఒకరోజు మా ఆయన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించింది. ఇంకోరోజు రెండు బొద్దు ఆకులు వచ్చాయంది. వానకు డబ్బాలు నిండిపోతుంటే గొడుగు వాటికి పెట్టి అది తడిసింది. జ్వరం వస్తుందని నేను అరుస్తుంటే మా అత్తయ్య ఇంకో గొడుగు తెచ్చి దాని మీద పట్టింది.

జ్వరం రాలేదు. ఆకులొచ్చాయి. ముందు రెండు మూడు, తర్వాత చెయ్యి చాచినట్టు అయిదు.

నేను అక్కడే బురదలో కూలబడ్డాను. ఒక్కదాన్ని దాచడానికి గలీబులు సరిపోయాయి. ఇప్పుడు గోడ పొడుగునా తోట. పీకమన్న మొక్కకు ఈ పిల్ల సంసారం పెట్టించింది. గోడ మీంచి కాంపౌండరు గారి తల లేచింది, వరస అంతా చూసింది, ఏమీ అనకుండా దిగిపోయింది. ఆయన ఏదన్నా అని ఉంటే నాకంత భయం వేసేది కాదు.

ఎక్కడివే ఈ విత్తనాలు అని దాన్ని పట్టుకుని అడిగాను. చెబుతుందేమోనని ఆగలేక, ఎవరిచ్చారు, ఎవరన్నా మగపిల్లాడు ఇచ్చాడా, బడి దగ్గరా, అని నేనే వరసపెట్టి అడిగాను. అది నా నోటి మీద మట్టి చెయ్యి పెట్టింది. "ఇం... ఇంకో ఆకు రానీ" అంది.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఆ రోజు మా ఆయన బస్తాల లారీ దగ్గరికి వెళ్ళారు. ఎండ కాసింది. గలీబులు ఫెళఫెళలాడేలా ఆరాయి. ఆరిన బట్ట తాడు మీద ఉంటే నాకు చెయ్యి ఆగదు. అన్నీ తీసి మడతపెట్టి లోపలికి తెచ్చేశాను. తెచ్చి కింద పెట్టానో లేదో, దుకాణం ముందు మోటారు సైకిలు ఆగింది.

దిగినాయన పోలీసు.

ఆయన చంకలో దిండుంది. అది నాకు తర్వాత కనబడింది. ముందు టోపీ కనబడింది, బెల్టు కనబడింది. ఆయన నెమ్మదిగానే చెప్పాడు: మొన్న ఇక్కడే కొన్న దిండు, వాళ్ళమ్మ తల కింద ఏదో గుచ్చుకుంటోందట, నిద్ర పట్టడం లేదని పొద్దున్నే సణుగుతోందట, కాస్త చూసిపెట్టమన్నాడు. నాకు సగమే చెవికెక్కింది. దారిలో చైను ఊడి చేతులకు నల్లగా గ్రీసంటుకుంది, కాసిని నీళ్ళిప్పించమన్నాడు. మా అత్తయ్య మర్యాదస్తురాలు. దానికేం నాయనా అని నేరుగా పెరట్లో కుళాయి దగ్గరికే తీసుకెళ్ళింది.

నేను వెనకాల పరిగెత్తేసరికే ఆయన చేతులు కడుక్కుంటూ గోడ వైపు చూస్తున్నాడు. పెద్ద మొక్కను చూశాడు, దాని పక్క డబ్బాలను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. వంగి ఒక ఆకును చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం మొక్కలమ్మా ఇవి? ఎవరు వేశారు?"

వెంటనే నాలుగు జవాబులు తోసుకుంటూ వచ్చాయి. మాకు తెలీదండీ. గాలికొచ్చాయండీ. పక్కింటివాళ్ళవండీ. కర్రపెండలమండీ. ఏది ముందు వదలాలో తేల్చుకునేలోపు మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. నా వైపు చూడలేదు. గట్టిగా పట్టుకుంది, అంతే.

అమ్మాయి దూది గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. తలనిండా దూది. ఆయన దాని వైపు తిరిగి, నువ్వు వేశావా పాపా అన్నాడు.

దాని గడ్డం ఎగిరింది. మాట రాలేదు.

కుళాయి చుక్కలు కారుతోంది. ఆయన జేబురుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకుంటున్నాడు. మళ్ళీ గడ్డం ఎగిరింది. అవునండీ అన్న మాట నా పెదవి దాకా వచ్చింది. మింగాను. మింగడం అంత కష్టమని నాకప్పటిదాకా తెలీదు. గోడ అవతల కాంపౌండరు గారి తల లేచి, అలాగే ఉండిపోయింది. అమ్మాయి గిరుక్కున తిరిగి లోపలికి పోయింది.

పారిపోయిందనుకున్నాను. పరీక్ష నా కళ్ళముందే అయిపోయిందనుకున్నాను.

అది ఆయన దిండు పట్టుకుని తిరిగొచ్చింది. నూతి గట్టు మీద పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక మూల నుంచి వేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళింది. ఒకచోట వేళ్ళు ఆగాయి. కుట్టు కాస్త విప్పి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, తీసింది. నల్లటి గింజ. వెళ్ళి ఆయన తడి అరచేతిలో పెట్టింది. ఆయన గింజను చూశాడు, అమ్మాయిని చూశాడు. తొందరేమీ లేనట్టు నిలబడ్డాడు. మా అత్తయ్య వేళ్ళు నా చేతిలో నాటుకుపోయాయి. అమ్మాయి డబ్బాల వైపు చెయ్యి చాపి, ఊపిరి పీల్చుకుంది, ఇంకోసారి పీల్చుకుంది.

"బూ... బూరుగండీ. ఆ పెద్దది మా చె... చెత్తలోంచి దానంతటదే వచ్చింది. ఈ చిన్నవన్నీ ఇలాంటి గింజలే, నే... నేనే వేశాను. అదీ ఇదీ ఒ... ఒకటో కాదో చూద్దామని."